సారక్క చెప్పని నెంబరు

ఉన్న క్వార్టరును చేజేతులా పోగొట్టుకున్నది ఎవరని గోదావరిఖని కార్మికుల కాలనీలో అడిగితే అందరూ సారక్క పేరే చెబుతారు. చెప్పి నవ్వుతారు కూడా. "ముసల్దానికి తిక్క లేసింది" అంటారు. ఆ తిక్క ఎందుకు లేచిందో మాత్రం ఒక్కరూ చెప్పరు. చెబితే వాళ్ల పేర్లూ బయటికొస్తాయి మరి.

సారక్క మొగుడు రాజం బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అతని ఉద్యోగం ఆమెకిచ్చారు. ఆఫీసు ఊడ్చి, తాగే నీళ్లు నింపి పెట్టే పని. రెండు గదుల క్వార్టరు కూడా ఆమె పేరు మీదికి మారింది. పిల్లల్లేరు. పెళ్లయిన రెండో ఏడు, ఆరో నెల కడుపుతో ఉన్నప్పుడు, నైట్ షిఫ్టు దిగి పడుకున్న రాజం పక్కన ఆమె చేతిలోంచి పళ్లెం జారి ఖంగుమంది. రాజం లేచి కొట్టాడు. దవాఖానలో "బండ మీద జారి పడ్డ" అని చెప్పిందామె. తర్వాత మళ్లీ కడుపు నిలవలేదు.

ఈ కాలనీలో నైట్ షిఫ్టు మనిషి నిద్రంటే దేవుడి పవళింపు సేవే. ఆ ఇంట్లో పగలు కుక్కరు కూత పెట్టకూడదు, టీవీ నోరెత్తకూడదు, పిల్లలు గడపలో ఆడకూడదు. కింద గోనెసంచి పరిచి దాని మీద గిన్నెలు తోముతారు, సప్పుడు కాకుండా. బాయిలో కునుకు పడితే ప్రాణం మీదికొస్తుంది, నిజమే, కాదనను. కానీ ఆ నిద్రకు కాపలా కాసే ఆడదాని ప్రాణం సంగతేమిటని ఇన్నేళ్లలో ఒక్కడైనా అడిగిన పాపాన పోలేదు.

రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు మాట. పక్క క్వార్టరు గట్టయ్య తన మేనల్లుడు జైపాల్‌ను, అతని భార్య దీపను తెచ్చి సారక్క వెనక గదిలో కిరాయికి పెట్టాడు. జైపాల్ ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు డ్రైవరు. దీపది రామగిరి దిక్కు పల్లె. కంపెనీ క్వార్టరు బయటివాళ్లకు ఇస్తే ఖాళీ చేయిస్తారు. అది అందరికీ తెలుసు, తెలిసీ సగం కాలనీ ఇస్తుంది. సారక్క ఆశపడింది మాత్రం కిరాయికి కాదు. ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉంటుందని.

దీప ఆమెను "అవ్వా" అని పిలిచేది. ఆ పిలుపుకు సారక్క కరిగిపోయేది. పొంగిపోయి ఆ పిల్లకు ఏం నేర్పింది? గోనెసంచి పరవడం నేర్పింది. "సప్పుడు చెయ్యకు బిడ్డా, పండుకున్నోన్ని లేపద్దు" అని నేర్పింది. థూ! తను తిన్న దెబ్బల చదువంతా అలా కూర్చోబెట్టి అప్పజెప్పింది.

దీపకు ఎనిమిదో నెల. ఆ రోజు సారక్కకు వారపు సెలవు. పొద్దున పదింటికి దీప నీళ్ల బిందె ఎత్తుకుని వస్తుంటే కళ్లు తిరిగి బిందె జారింది. గచ్చు మీద పడి దొర్లుకుంటూ పోయింది. నైట్ షిఫ్టు దిగి పడుకున్న జైపాల్ లేచాడు. మొదటి తన్నుకు దీప గోడకు పడింది. రెండో తన్ను కడుపులో. ముందు గదిలోంచి ఉరికొచ్చిన సారక్క దాన్ని కళ్లారా చూసింది.

"మూలుగుడు బంద్ చెయ్యుమను దాన్ని" అని చెప్పి జైపాల్ మళ్లీ పడుకున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు, మొహం మీద దిండు కప్పుకుని, నిజంగానే నిద్రపోయాడు. అటువంటి నిద్ర పట్టే మనిషిని మనిషనడానికి నాకు నోరు రాదు.

దీప చీర తడుస్తోంది, నీళ్లతో కాదు. సారక్క ఆమెను ముందు గదిలోకి తెచ్చి పడుకోబెట్టి అంబులెన్సుకు ఫోను చేసింది.

"ఏమైందమ్మా?"

"కడుపుతోటి ఉన్నది. జారి పడ్డది" అంది సారక్క. ముప్పై ఏళ్ల కిందటి మాట, వెతకకుండానే నోటికొచ్చింది.

"ఇంటి నెంబరు చెప్పండి."

సప్పుడు విని వచ్చిన గట్టయ్య చెయ్యి అడ్డం ఊపాడు. "నెంబరు చెప్పకే అక్కా! రాసుకుంటరు. ఆఫీసుల తెలిస్తె రేపే నీ సామాను బయటేస్తరు. నీళ్ల ట్యాంకు కాడికి రమ్మను, నేను పోయి తోల్కొస్త" అన్నాడు గుసగుసగా. నెత్తురు కారుతున్న పిల్ల ఎదురుగా ఉంటే గుసగుస! లోపల అల్లుడు నిద్రపోతున్నాడు కదా.

సారక్క క్షణం తటపటాయించింది. ఆ క్వార్టరు తప్ప ఆమెకు నిలవ నీడ లేదు. "నీళ్ల ట్యాంకు కాడికి రాన్రి" అంది.

ఆ కాలనీలో ట్యాంకులు రెండు. కాలనీవాళ్లు ట్యాంకు అనేది లోపలున్న పాతదాన్నే. బయటివాళ్లకు కనబడేది మెయిన్ రోడ్డు మీది కొత్తది. అంబులెన్సు పన్నెండు నిమిషాల్లో కొత్త ట్యాంకు దగ్గరికి వచ్చి నిలబడింది. గట్టయ్య పాత ట్యాంకు నీడలో గొంతుక్కూర్చున్నాడు.

ఫోను మోగింది. "బండి ట్యాంకు దగ్గరే ఉందమ్మా. మీ మనిషి కనబడట్లేదు. ఇంటి నెంబరు చెప్పండి."

"ఆడ్నే ఉన్నడు మా మనిషి. సూడున్రి" అని సారక్క పెట్టేసింది. రెండోసారి కూడా చెప్పలేదు.

పది నిమిషాలు. ఇరవై. దీప ఆమె కొంగు పట్టి లాగింది. "అవ్వా, బిడ్డ కదులుతలేదు" అంది, పక్క గదిలో మొగుడు లేవకుండా, నోట్లో నోట్లోనే.

ఆ గుసగుసకు సారక్క పరుగెత్తింది, చెప్పుల్లేకుండా, మే నెల ఎండలో. పాత ట్యాంకు దగ్గర గట్టయ్య బీడీ తాగుతున్నాడు. "ఇంక రాలే" అన్నాడు. ఆమె ఆగకుండా మెయిన్ రోడ్డు మీదికి పోయింది.

డ్రైవరు కొమురెల్లి బండి దిగి నాలుగు దిక్కులూ చూస్తున్నాడు. "అర్ధగంట సేపాయె అవ్వా ఈడ నిలవడి. నెంబరు చెప్తె ఇంటి ముందటికే వస్తుంటిమి గదా. ఏ క్వార్టరు?"

సారక్క బండెక్కి చేత్తో దారి చూపించింది. అప్పుడూ నెంబరు చెప్పలేదు. మలుపులో గట్టయ్య ఎదురొచ్చి, "హారన్ కొట్టకు తమ్మీ, నైట్ షిఫ్టోళ్లు పండుకున్నరు" అన్నాడు. కొమురెల్లి అతని మొహంలోకి చూసి, ఇల్లు వచ్చేదాకా హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

దీప బతికింది. ఆడపిల్ల కడుపులోనే చనిపోయింది. "ఒక్క అరగంట ముందు తెచ్చి ఉంటే..." అని డాక్టరమ్మ ఆగింది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. జైపాల్ మీద కేసయింది. బెయిలు మీద వచ్చి, ఎక్కడో మళ్లీ నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రపోతున్నాడు. దీప తల్లిగారింటికి పోయి మళ్లీ అతని దగ్గరికి రాలేదు. సారక్కకు నోటీసు వచ్చింది, క్వార్టరు పోయింది, బస్తీలో రేకుల గదికి మారింది. రాష్ట్రం వచ్చిన రోజు గట్టయ్య మొహం నిండా గులాల్‌తో లడ్డూ పట్టుకొచ్చి, "ఇంక మన రాజ్యమే అక్కా" అన్నాడు. ఆమె ఆ లడ్డూను అతని చేతిలోనే వదిలేసి తలుపేసుకుంది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెడు తీసుకున్నవాళ్లు లడ్డూలు పంచారు.

ఇక ఆ రోజు దవాఖానలో జరిగింది చెప్పాలి. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "ఎట్లా జరిగిందమ్మా?" అని దీపను అడిగింది.

"బండ మీద జారి పడ్డ మేడం" అంది దీప.

ఆ మాట సారక్క నేర్పలేదు. అయినా అది తన మాటే, తన గొంతే. జైపాల్ మీద, గట్టయ్య మీద, ఎప్పుడో చచ్చిన రాజం మీద, అందరికన్నా ఎక్కువగా తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడే కొమురెల్లి చేతిలో కాగితం పట్టుకుని వచ్చాడు. అన్నీ నింపాడు, ఒక్క గడి ఖాళీ.

"అడ్రసు రాసుకోవాలె అవ్వా. ఇప్పుడన్న చెప్పు."

సారక్క చెప్పింది. వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది.

"టీ టూ, నాలుగు వందల పదిహేడు. నా పేరు మీదనే ఉన్నది. కిరాయికి ఇచ్చిన్నని గూడ రాస్కో. అమ్మా డాక్టరమ్మా, నువ్వు గూడ రాస్కో. జారి పడలే. తన్నిండు. నేను సూసిన."

కొమురెల్లి నెంబరు రాసుకున్నాడు. "ఈ నెంబరు పొద్దుగాల చెప్పకపోతివి గదనే అవ్వా" అన్నాడు.