దొరసాని ఛాతీ మీద చుక్క

ఆ పశువుల ఆసుపత్రిలో తువ్వాలక్కని ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరు ఏమిటంటే ఆవిడే రెండు క్షణాలు ఆలోచించాలి. మొదట బోనులు కడగడానికి చేరింది. ఓ రోజు బీరువా ఎక్కి కూర్చున్న గండుపిల్లిని దించలేక ముగ్గురు మగాళ్ళు చేతులు చీరించుకుంటుంటే, ఈవిడ స్టూలెక్కి, మీద తువ్వాలు కప్పి, పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి, చంకన పెట్టుకుని దిగింది. "పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికెళ్ళకూడదు గానీ, పనికెళ్ళొచ్చు" అని నవ్వింది కూడా. అదిగో, ఆ రోజు పడిన పేరు.

తర్వాత ఆవిణ్ణి థైరాయిడు ఫొటోలు తీసే కెమెరా గదిలో వేశారు. మిగతా చోట్ల మత్తు ఇస్తే గానీ కదలకుండా పడుకోని పిల్లులు, ఈవిడ దగ్గర మెడదాకా మూటకట్టుకుని, మెలకువగానే కళ్ళు మిటకరిస్తూ పడుకునేవి. తువ్వాలక్క గర్వమంతా అందులోనే ఉండేది.

ఆ ఫొటో మన ఫొటోలాంటిది కాదు. పిల్లి కాలి నరంలో ఓ మందు ఎక్కిస్తారు. అది పోయి పోయి మెడలో ఉన్న థైరాయిడులోనూ, నోటి ఉమ్మి ఊరే గ్రంథుల్లోనూ చేరుతుంది. చేరిన చోటల్లా కెమెరాకి వెలుగు కనిపిస్తుంది. రెండూ ఒకేపాటి వెలిగితే అంతా బాగున్నట్టు. థైరాయిడు రేగితే మెడలో దీపం పెట్టినట్టే ఉంటుంది.

బస్సు నడిపి రిటైరైన ఓ పెద్దాయన తన పిల్లి దొరసానిని తెచ్చాడు. పన్నెండేళ్ళది. నాలుగు నెలల కిందట ఈ థైరాయిడు రోగానికే అయొడిన్ సూది వేయించాడు. కాస్త ఒళ్ళు చేసింది. ఇప్పుడు మళ్ళీ ఎంత తిన్నా చిక్కిపోతోంది, గుండె దడదడలాడుతోంది. రక్తపరీక్షలో రోగం తిరగబెట్టిందని తేలింది. ఎక్కడ మిగిలిందో చూడాలి, అందుకే ఫొటో.

దారిలో వాంతి చేసుకుని, చొంగ కారుస్తూ వచ్చింది దొరసాని. తువ్వాలక్క మామూలుకంటే బిగించి చుట్టి, ఒక్క ఫొటో తీసింది. డాక్టరు చూశాడు. ఆయన మొహం మారింది.

"మెడలో ఎడమ పక్కది ఇంకా రేగే ఉందక్కా. అదొక్కటే అయితే ఇంకో సూది వేసేవాళ్ళం. ఛాతీలో ఈ చుక్క చూడు. క్యాన్సరై కిందికి పాకింది. ఇక ఏం లాభం?"

వరండాలో పెద్దాయనకి అదే మాట మెత్తగా చెప్పాడు. బాధపడకుండా నిద్రపుచ్చేద్దాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నాడు. పెద్దాయన పెన్ను పుచ్చుకుని, సంతకం పెట్టేముందు డాక్టరుని అడిగాడు.

"నొప్పి తెలీదు గదా బాబూ? అది నా ఒళ్ళోనే ఉంటుంది గదా?"

లోపల తువ్వాలక్క మూట విప్పుతోంది. తువ్వాలు అంచు చేతికి తడిగా తగిలింది. పిల్లి గడ్డం కింద, సరిగ్గా ఛాతీ మీద బొచ్చు ముద్దగా తడిసి ఉంది. ఆవిడకి చప్పున వెలిగింది. ఉమ్మిలో కూడా ఆ మందే కదా! తను బిగించి కట్టడంతో కారిన చొంగంతా అక్కడే నిలిచిపోయింది. తువ్వాలు ఇప్పటిదాకా ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. చేసిందని చెప్పాలంటే నాలిక తిరగలేదు. తిప్పింది. పిల్లిని బోనులో పెట్టి వరండాలోకి పరుగెత్తింది.

"బాబాయ్, ఆ పెన్ను పక్కన పెట్టు. డాక్టరు గారూ, ఇంకో ఫొటో తీస్తాను."

"చూసిందే చూస్తే మారుతుందా అక్కా? అక్కడ ఆపరేషను బల్ల మీద కుక్క ఉంది, నేను పోవాలి."

"పోయి రండి. తప్పు నాది సార్. అది చొంగ మరక. నేనే మూటలో మగ్గబెట్టాను."

"నీ తువ్వాలు తప్పు చేసిందా? ఈ మాట నీ నోట వినడం ఇదే మొదలు!"

"మారకపోతే రేపటినుంచి మళ్ళీ బోనులే కడుగుతాను. మీరొచ్చేదాకా సంతకం మాత్రం పడకూడదు."

ఆవిడ తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అని తెలిసి డాక్టరు చెయ్యి ఊపి పోయాడు.

తువ్వాలక్క చేతులకి తొడుగులు వేసుకుని, తడి దూదితో ఛాతీ బొచ్చు అయిదుసార్లు తుడిచింది, ఆరబెట్టింది. ఈసారి తువ్వాలు లేదు. మోచేతులతో పట్టుకోవాలి. దొరసాని ఊరుకుంటుందా? తొడుగులు దాటి మోచేతుల మీద గీరింది.

"బస్సులో అరవైమందిని సర్దాను గానీ, దీన్ని ఒక్కనాడు సర్దలేకపోయానమ్మా" అన్నాడు పెద్దాయన గుమ్మంలో నిలబడి.

"సర్దక్కర్లేదు బాబాయ్, మాట్లాడు చాలు. నీ గొంతు వింటే నిలకడగా ఉంటుంది."

"ఒసే దొరసానీ, చెడ్డపేరు తేకే! అక్క మంచిది..."

ఏదో చెబుతూనే ఉన్నాడు. పిల్లి చెవులు అటు తిప్పింది. బోర్లా పడుకోబెట్టి ఒకటి, పక్కకి తిప్పి ఇంకొకటి తీసింది. రెండిటిలోనూ మెడలో ఎడమ దీపం అలాగే ఉంది, ఛాతీలో మాత్రం చీకటి. అయినా నమ్మకం చాలక తడి తువ్వాలుని కెమెరా కింద పరిచింది. అంచున చుక్క ధగధగా మెరిసింది.

డాక్టరు తిరిగొచ్చి నాలుగు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాడు. పెద్దాయన ముందున్న కాగితం తీసుకుని నిలువునా చింపాడు.

"ఛాతీలో ఏమీ లేదు పెద్దాయనా. మెడలోదానికి రెండో సూది వేద్దాం." తువ్వాలక్క వైపు తిరిగాడు. "నువ్వు పట్టుబట్టకపోతే..."

"ఇకమీదట ప్రతి పిల్లికీ గడ్డం తుడిచాకే ఫొటో, పక్క ఫొటో కూడా. మీరు తొందరపెట్టకూడదు, ముందే చెబుతున్నాను."

డాక్టరు తలూపాడు. పెద్దాయన ఇంకా నమ్మలేనట్టు, "అయితే బతుకుతుందా అమ్మా?" అనడిగాడు.

"మెడలోది అణగాలి బాబాయ్. పన్నెండేళ్ళది, ఇన్నేళ్ళని నేను చెప్పను. ఈ రోజుకైతే చావదు."

మోచేతి గీతలకి మందు అద్దుకుంటూ, తర్వాతి పిల్లి ఎవరిదని వరండాలోకి కేకేసింది.