ఖాళీకి అద్దె కట్టనివాడు

మా ఎదురు ఫ్లాటు కండక్టరుకి ఎన్ని తిట్లయినా పడతాయి గానీ, "చోటు లేదు" అన్న మాట మాత్రం పడదు. అది చెవిన పడిందా, తేలు కుట్టినవాడిలా లేచి నిలబడతాడు. జీవితమంతా సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరయ్యాడు. ఉద్యోగం అతన్ని వదిలింది గానీ అతను ఉద్యోగాన్ని వదల్లేదు.

అతని సత్తా ఏమిటో నాకు మొదట తెలిసింది కింద సెల్లారులో జరిగిన తగువులో. కొత్తగా అద్దెకు దిగిన నర్సమ్మ స్కూటరు పెట్టుకోబోతే మా బిల్డింగు సెక్రటరీ అడ్డం వచ్చాడు. అతని కారేమో రెండు స్తంభాల నడుమ బురదలో పడుకున్న గేదెలా అడ్డదిడ్డంగా ఉంది.

"ఇక్కడ చోటు లేదమ్మా, రోడ్డు మీద పెట్టుకోండి" అన్నాడు సెక్రటరీ.

మెట్ల మీంచి ఒక గొంతు దిగింది. "ఎవరండీ లేదన్నది?"

"నేనే. మీకు కనపడటం లేదా?"

"కనపడుతోందండీ. మీ బండికీ గోడకీ మధ్య రెండు జానలు, స్తంభం పక్కన మూరెడు. టిక్కెట్టు తీసుకోకుండా దర్జాగా కూర్చున్నాయి. ముందు మీరు బండెక్కండి చెబుతాను."

సెక్రటరీ ఏమనుకున్నాడో ఏమో, ఎక్కాడు. కండక్టరు కారు వీపు మీద అరచేత్తో దబదబ బాదుతూ, "రానీ, రానీ, ఇంకా రానీ... ఆపు!" అన్నాడు. కారు గోడకి అతుక్కుంది. ఆ పక్కన నర్సమ్మ స్కూటరూ, పేపరాయన సైకిలూ, ఎవరిదో తోపుడుబండీ ఏటవాలుగా ఒదిగిపోయాయి.

"మరి నేను దిగేదెలా?" అని లోపల్నుంచి సెక్రటరీ కేక.

"ఇటు గోడ కదండీ. అటు డోరు నుంచి దిగండి. కాళ్లు ముందు, తల తరవాత!"

సెక్రటరీ అలాగే దిగాడు. ఆనాటినుంచి అలాగే దిగుతున్నాడు.

ఆ రోజే నేనతన్ని తమ్ముడూ అన్నాను. అతను నన్ను అక్కగారూ అన్నాడు. నాతో అంత త్వరగా వరస కలిపినవాడు ఇంకొకడు లేడు. మిగతావాళ్లు నా నోటికి జడిసి దూరంనుంచే దండం పెట్టి పోతారు.

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు. వాళ్ల ఇల్లు ఇరకటమే. అతని భార్య మాత్రం మర్కటం కాదు. ఒకవేళ అయినా, ఆ ఇంట్లో గెంతడానికి చోటుండాలి కదా! మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాడు, కింద సరుకుల డబ్బాలు పట్టాలని. ఆ మంచమెక్కడానికి ఆవిడకి స్టూలు కావాలి. ఆ స్టూలు మూత తీస్తే అందులో ఉల్లిపాయలు. తన పాత ఖాకీ ప్యాంట్ల జేబులన్నీ కోయించి, కింది గదిలో ఉండే కుట్టుమిషను పిల్ల చేత ఒక గుడ్డ మీద వరసగా కుట్టించి, తలుపు వెనక వేలాడదీశాడు. ఒక జేబులో దువ్వెన, ఒక జేబులో మందులు, ఒక జేబులో కత్తెర.

"ఎప్పుడో ఓ రోజు నన్ను కూడా మడిచి ఏ జేబులోనో పెట్టేస్తారు వదినగారూ" అనేది ఆవిడ నాతో.

"అంత పెద్ద జేబు కుట్టించలేదింకా" అనేవాడు అతను లోపల్నుంచి.

ఫ్రిజ్‌ సగం ఖాళీగా ఉంటే అతనికి నిద్ర పట్టదు. సీసాల నిండా నీళ్లు పోసి ఆ ఖాళీలన్నీ నింపేవాడు. "తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి పారిపోతుంది అక్కగారూ, నీళ్లు పారిపోవు. ఖాళీ ఫ్రిజ్‌ ఖాళీ బస్సులాంటిది. ఆయిలు దండగ." నేను నవ్వాను. కరెంటు బిల్లు వచ్చాక మా కోడలు గప్‌చిప్‌గా ఆరు సీసాలు కొనుక్కొచ్చింది.

మా వంటింటి మీద కూడా అతని కన్ను పడింది.

"మీ అలమరలో సగం గాలే ఉందక్కగారూ."

"ఉండనీవయ్యా. దాన్ని నేను అద్దె అడగటం లేదు."

"మీరడగటం లేదు. దాని అద్దె కూడా మీరే కడుతున్నారు."

మర్నాడు అరకీ అరకీ మధ్య ఇంకో చెక్క బిగించి పోయాడు. గట్టు మీది గిన్నెలన్నీ లోపలికి పోయి, గట్టు అద్దంలా మెరిసింది. "చెక్క కాస్త వంకరగా ఉంది" అన్నాను. వంకరేం లేదు. మెచ్చుకుంటే మగవాళ్లు చెడిపోతారు.

అన్నీ గెలుపులే అనుకోకండి. అతనికి పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె దాచే అలవాటుంది. ఒకసారి బావమరిది ఇంటికి ప్రయాణమై, బట్టల పెట్టె అనుకుని ఆ పెట్టె పట్టుకెళ్లాడు. అక్కడ అందరి ముందూ తెరిస్తే పెట్టె. అది తెరిస్తే ఇంకో పెట్టె. అందులో సంచి. సంచిలో ఒక తువ్వాలు. బట్టలు ఇంట్లో మంచం కింద భద్రంగా ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ బావమరిది లాగూలతో తిరిగాడు. బావమరిది ఇతనిలో సగముంటాడు.

"అదీ నయమే. ఆయన్ని ఇరుకులో పెట్టినవాణ్ణి నేను మా తమ్ముణ్ణొక్కణ్ణే చూశాను" అంది ఆవిడ.

ఇక ఆ కుట్టుమిషను పిల్ల సంగతి. ఒంటరిది. గది సొంతదారు ఆ గదిని ఎవరికో అమ్మేశాడు, నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. ఆడవాళ్ల హాస్టల్లో ఆమెకి మంచం దొరికింది గానీ, మిషనుని రానివ్వం అన్నారు. పెద్ద మిషను, బల్లతో సహా. ఆదివారం పాతసామాన్లవాడు వచ్చి పట్టుకుపోతాడట. మిషను పోతే ఇంకేముంది, ఎవరి దుకాణంలోనో గుండీలు కుట్టుకోవడమే. ఎవరి దగ్గరా ఊరికే చేయి చాపే రకం కాదు. ఆమెకి జ్వరమొచ్చినప్పుడు నేనొక గ్లాసుడు వేడి పాలిచ్చానో లేదో, లేచి నిలబడగానే మా కిటికీ తెరలన్నిటికీ కొత్త అంచులు కుట్టి ఇచ్చింది.

కండక్టరు దిగి వెళ్లి అడిగాడు. "మా ఇంట్లో పెట్టుకుని కుట్టుకో తల్లీ."

ఆ పిల్ల ఏడవాల్సింది పోయి నవ్వింది. "మీ ఇంట్లో మీరే పక్కకి తిరిగి నడుస్తారు బాబాయిగారూ. నా మిషనుకి చోటెక్కడుంది?"

చోటు లేదు! తన ఇంట్లో! తన మొహం మీద! మనిషి చప్పుడు లేకుండా మెట్లెక్కి వచ్చాడు. ఆవిడ మాత్రం, "ఆ మాటే పెళ్లయిన నాటినుంచీ నేను చెబుతున్నాను. నా గొంతులో ఏం లోపముందో!" అంది.

మర్నాటినుంచి ఎదురింట్లో ఒకటే ఈడుపులు, దొర్లింపులు. నేను పట్టించుకోలేదు. రెండోనాడు మా గది ఊడుస్తుంటే చీపురు నా మంచం కింద దేనికో తగిలి ఖంగుమంది. వంగి చూస్తే ట్రంకుపెట్టె. నాది కాదు.

"కోడలా!"

"కండక్టరు బాబాయి పెట్టుకున్నారత్తయ్యా. మంచం కింద ఊరికే ఖాళీయేగా అన్నారు."

"నా మంచం కిందా?"

"అటక మీద కూడా" అంది మెల్లిగా.

కొంగు బిగించి బయల్దేరాను. వెనకనుంచి కోడలే చెప్పింది, అతని మడతబల్ల నర్సమ్మ ఇంట్లో ఉందట, ఇత్తడి గంగాళం సెక్రటరీ కారు డిక్కీలో ఉందట. కారు గోడకి ఆనిపించినవాడు గంగాళం ఎలా ఎక్కించాడో ఆ పైవాడికే తెలియాలి.

తలుపు తోశాను. ముందు గది బోడిగా ఉంది. కిటికీ ముందు కుట్టుమిషనుకి సరిపడా నేల, దాని మీద సూదిలో దారం ఎక్కించగలిగినంత వెలుతురు. గది మధ్యలో ఆవిడ కూర్చుని ఉంది.

"చూశారా వదినగారూ, కాళ్లు చాపాను!"

"ఏమయ్యా, నా మంచం కింద..." అని మొదలుపెట్టానో లేదో, అతను చెయ్యెత్తాడు.

"ఇప్పుడే వద్దక్కగారూ. ఆ తిట్లు దాచండి. వాటితో పనుంది."

"ఏం పని?"

"ఆ పిల్లకి చోటు చూపించాను. చూసింది. అయినా రానంటోంది. జాలిపడి ఇస్తున్నారు, ఊరికే తీసుకోను అంటోంది." తల గోక్కున్నాడు. "బస్సెక్కనన్నవాళ్లని ఎక్కించాలంటే ఒకటే దారి. బండి ఖాళీగా పోతోందని కండక్టరే బతిమాలాలి. నా అంతట నేను బతిమాలితే నమ్మదు. ఎవరో ఒకరు నా పరువు తీయాలి."

"అయితే?"

"రేపు పొద్దున ఆ పిల్ల గుమ్మం తుడిచే వేళకి మీరు మెట్ల మీద నిలబడి నన్ను తిట్టాలి. ఇంత గది ఎండబెట్టుకుని కూర్చున్నావు, వెలుతురు దండగ చేస్తున్నావు, ఆ పిల్ల పోతే మా బట్టలు ఎవరు కుడతారు, నీ జేబులెవరు కుడతారు అని. మీరు తిడితే ఈ బిల్డింగులో ఎవరూ నాటకమనుకోరు."

"ఖాళీ ఉంచాడని నిన్ను తిట్టడమా? నీ పరువేం కాను తమ్ముడూ?"

"పరువుకి అంత చోటెందుకండీ. మడిచి ఎక్కడో ఓ చోట పెట్టుకుంటాను."

నన్ను నోరు మూసుకోమన్నవాళ్లు ఎందరో ఉన్నారు. నోరు విప్పమని బతిమాలినవాడు అతనొక్కడే. సరేనని గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి మళ్లీ పిలిచాడు.

"ఒక్క మాట అక్కగారూ. తిట్టేటప్పుడు మాత్రం నవ్వకండి."