చెవికి ఆనించిన స్క్రూడ్రైవర్

పొద్దున్నే ఖమ్మంలోని కారు షోరూం నుంచి నా ఫోనుకి ఒక వీడియో వచ్చింది. మా కారు బానెట్ ఎత్తి ఉంది, గ్లౌజు తొడిగిన ఎవరిదో వేలు ఇంజనులో ఏదో చూపిస్తోంది, వెనకాల మాత్రం ఇంజను చప్పుడుకి బదులు పెళ్ళి వీడియోల్లో వేసే సంగీతం వస్తోంది. ఆ వెంటనే ఒక అమ్మాయి ఫోను చేసి, ఇంజను మొత్తం దించి లోపలి సామాను మార్చాలనీ, సాయంత్రంలోగా సరేనో కాదో చెప్పాలనీ మర్యాదగానే చెప్పింది. ఖర్చు మాట వినగానే మా ఆవిడ ఒలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నమ్మాలా వద్దా అని పచార్లు చేస్తూంటే, నా చెయ్యి దానంతటదే పాత సామాన్ల డబ్బాలోని పొడుగాటి స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. పాల్వంచ కాలనీల్లో బతికినవాళ్ళకి ఎందుకో చెప్పనక్కరలేదు, తక్కినవాళ్ళకి చెప్తాను.

నేను అక్కడి కరెంటు ప్లాంటులో, బొగ్గు విభాగంలో కొత్తగా చేరిన రోజుల్లో కాలనీ పక్కనే మా అక్కాబావల కిరాయి ఇంట్లో ఉండేవాణ్ణి. బావ అంతకుముందు బొగ్గు గనిలో పనిచేసేవాడు. పైకప్పు కూలి తోటివాడు పోయిన రోజున, ఇంకెప్పుడూ లోపలికి దిగొద్దని అక్క ఒట్టు వేయించుకుని, తన ఒంటిమీది నగలు అమ్మి ఒక పాత జీపు కొనిపించింది. బావ దాంట్లో పర్ణశాలకి యాత్రికులను తిప్పేవాడు. జీపు నడిస్తే ఇల్లు నడిచేది, అది ఆగితే బావ మళ్ళీ గనిలోకే వెళ్ళాలి.

అలాంటి జీపు ఒకనాడు టకటకమనడం మొదలుపెట్టింది. ఖమ్మంలో జీపుల కంపెనీ డీలరుకి చూపిస్తే, లోపల క్రాంకు అనే ఇరుసుని పట్టి ఉంచే బేరింగులు అరిగిపోయాయి, ఇంజను దించాల్సిందేనని తేల్చి, బావ తాహతుకి మించిన ఖర్చు చెప్పాడు. బావ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అక్కకొక్కదానికే చెప్పాడు, అయినా పొద్దుగూకేసరికి సంగతి కాలనీ అంతా పాకిపోయింది.

మా ప్లాంటులో మిషన్ల రోగం కనిపెట్టే పద్ధతి ఒకటుండేది. తిరుగుతున్న మిషనుకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడికి చెవి పెడితే లోపలి చప్పుడంతా వినిపిస్తుంది. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే టిఫిను డబ్బాలతో మా వాకిట్లోకొచ్చి, జీపు స్టార్టు చేయించి, ఒక్కొక్కరే వంగి చెవి పెట్టారు. తమాషా ఏమిటంటే, ఎవరి చెవికి వాళ్ళ డిపార్టుమెంటే వినిపించింది. పంపుహౌసాయన నీళ్ళ పంపు పోయిందన్నాడు, బాయిలరాయన వేడి ఎక్కువైందన్నాడు, ఎలక్ట్రికలాయన కరెంటు సరిగ్గా అందట్లేదన్నాడు. నేనేం తక్కువ తినలేదు, ఎక్కడో దుమ్ము పేరుకుందని గంభీరంగా చెప్పాను. ఐనవాళ్ళు ఇంతమంది ఒకవైపు, ముఖపరిచయం లేని డీలరు ఒకవైపు అయ్యేసరికి బావకి ప్రాణం లేచొచ్చింది.

అందరి మాటా మన్నించి బావ ఒక్కొక్కటే మార్పించాడు. చప్పుడు ఒకరోజు తగ్గినట్టే ఉండి మర్నాటికి ఇంకా పెరిగేది. చివరికి పర్ణశాల దారిలో, అడవి మధ్యలో జీపు వగర్చి నిలబడిపోయింది. యాత్రికులను బస్సెక్కించి, జీపుని లారీకి కట్టి లాక్కొచ్చిన బావ, గనిలో మళ్ళీ పని దొరుకుతుందేమోనని మెల్లగా నాతో మాటెత్తాడు. అది అక్క చెవిన పడింది. నేరుగా వాకిట్లోకొచ్చి, మళ్ళీ స్క్రూడ్రైవర్లతో మూగిన జనాన్ని చూసి, "గట్ల చెవులు పెట్టుడు చాలు గానీ, నా కండ్ల ముందర ఇప్పి చూపెట్టుండ్రి" అంది.

బస్టాండు వెనక షెడ్డు నడిపే సాయిబు మేస్త్రిని పిలిపించి, తన పాత నేతచీర ఒకటి నేలమీద పరిచింది. ఆయన ఒక్కొక్క ముక్కా విప్పి చీర మీద వరసగా పేర్చి, ఆఖరికి గీరుకుపోయిన బేరింగు ముక్కని అక్క అరచేతిలో పెట్టాడు. "నేను గూడ తప్పే అనుకున్న బేటీ, వాల్వులు పోయినయనుకున్న. షోరూమోళ్ళు చెప్పిందే నిజం" అన్నాడు. అన్ని చెవుల్లో ఒక్కదానికీ వినపడని సంగతి అది! అందరూ నేలచూపులు చూస్తూంటే అక్కే ముందు నవ్వి, "అయితే నీళ్ళ పంపు మంచిగనే ఉందానే అన్నా?" అని పంపుహౌసాయన్ని అడిగింది. అంతే, వాకిలంతా నవ్వులే.

మర్నాటి నుంచి తప్పు చెప్పినవాళ్ళందరూ జీపు చుట్టూ చేరారు. వెదురుబొంగులు, మోకులు తెచ్చి ఇంజను దించారు. ఎలక్ట్రికలాయన వారపు సెలవంతా జీపు కిందే గడిపాడు. పంపుహౌసాయనైతే క్రాంకుని గోనెసంచిలో చుట్టి, భుజాన పెట్టుకుని, నునుపు పట్టించడానికి బస్సులో ఖమ్మం లేతు షాపుకి మోసుకుపోయాడు. జీపు మళ్ళీ నడిచింది. బావ ఆ తర్వాత గని మొహం చూడలేదు, పోయినేడు పండు ముసలితనంలో తన మంచం మీద, అక్క పక్కనుండగా కన్నుమూశాడు.

సాయంత్రం షోరూం అమ్మాయికి ఫోను చేసి, ఇంజను విప్పేటప్పుడు నేనొచ్చి చూడొచ్చా అని అడిగాను. కస్టమర్లను లోపలికి రానివ్వరనీ, ఇంకో వీడియో పంపుతాననీ అంది. సరే, చెయ్యమన్నాను. డీలరు కూడా నిజం చెప్పగలడని నాకు ఆ జీపే నేర్పింది. ఈ రోజుల్లో నిజం ఫోనులోనే ఇంటికొస్తోంది, మన పక్కన నిలబడి తప్పు చెప్పేవాళ్ళే కరువయ్యారు. స్క్రూడ్రైవర్ని డబ్బాలో పెట్టేస్తూంటే పంపుహౌసాయన గుర్తొచ్చాడు. ఆయనే ఉంటే ఈపాటికి మా గుమ్మంలో చెప్పులు విడిచి, పోయింది నీళ్ళ పంపేనని నాతో గట్టిగా వాదిస్తూండేవాడు.