మూడో సర్వరు కలవని రోజు

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన్ని అందరూ పెద్దసారు అనేవారు. పదవి పెద్దదేమీ కాదు, గొంతు పెద్దది. కొత్తగా వచ్చిన మూడు సర్వర్లను ఒక జట్టుగా కలపాలి. ఒకటి ఆగిపోయినా మిగతావి రోగుల రిపోర్టులు అందిస్తుండాలి. వాటికి కేబుళ్లు లాగింది ఆయన బావమరిది. ఆ పని ఇప్పించిందీ ఆయనే.

రెండు సర్వర్లు కలిశాయి. మూడోది ససేమిరా అంది. సూపరింటెండెంటు మేడమ్ వచ్చి నిలబడ్డారు.

"ఏమైందండీ?"

"కేబుల్ సరిగ్గా వేసి ఉండడు మేడమ్. చుట్టరికం చూసి పని ఇప్పిస్తే ఇలాగే ఉంటుంది."

బావమరిది గుమ్మంలోనే ఉన్నాడు. నర్సులూ ఉన్నారు. అతను నిచ్చెన తెచ్చుకుని, సీలింగు పలకలు ఊడదీసి కొత్త కేబుల్ లాగసాగాడు.

ఈలోగా పెద్దసారు, మూడో సర్వరు తన ఐపీ అడ్రసు ఏమని చెబుతోందో తెరమీద చూశాడు. 127.0.0.1. ఏ యంత్రమైనా తనను తాను పిలుచుకునే అడ్రసది. ఇల్లెక్కడ అని అడిగితే మా ఇంట్లోనే అన్నట్టు. దాన్ని పట్టుకుని వెతికితే మిగతా రెండూ తమ గుమ్మంలోకే తిరిగొస్తాయి. అడ్రసుల జాబితాలో సర్వరు పేరు పక్కన దాన్ని పెట్టింది, పొద్దున తొందరలో, తనే. కేబుల్ ఏ పాపమూ ఎరగదు.

అడ్రసు సరిచేయగానే మూడూ కలిశాయి.

"కేబుల్ మార్చగానే కుదిరిందన్నమాట," అన్నారు మేడమ్.

"అవునండీ," అనేశాడు.

అప్పుడు తలెత్తి చూశాడు. బావమరిది నిచ్చెన మీదే ఉన్నాడు. కొత్త కేబుల్ కొస ఇంకా అతని చేతిలోనే ఉంది.

పెద్దసారుకి తల కొట్టేసినట్టయింది. నడవాలోకి పరుగెత్తి, నర్సుల ముందే మేడమ్‌ని ఆపాడు.

"తప్పు నాదండీ. కేబుల్‌ది కాదు. ఇందాక అబద్ధం చెప్పాను."

"మీ బావమరిదితో చెప్పారా?" అన్నారావిడ.

చెప్పలేదు. వెనక్కి వచ్చేసరికి బావమరిది పలకలు బిగిస్తున్నాడు.

"తప్పు నాదేరా."

"తెలుసు బావా. ఆ పలక కాస్త పట్టుకో."

పట్టుకున్నాడు. కళ్లల్లో దుమ్ము పడినా చేయి దించలేదు.

కొన్నాళ్లకు ఆసుపత్రి పైఅంతస్తులో కేబుళ్ల పని పడింది. బావమరిది ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, చేస్తావా అని పెద్దసారు అడిగాడు.

"వేరే ఎవరినైనా చూసుకో బావా," అన్నాడతను, చాలా మామూలుగా.

అతను వెళ్లాక భార్య, "మా తమ్ముణ్ణి ఏమన్నారు?" అంది. కంచంలోంచి తలెత్తకుండా అంతా చెప్పాడు. ఆమె విని, "ఆడలేక మద్దెల ఓడన్నారన్నమాట," అని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆయన ఎండిన చేత్తో అలాగే కూర్చున్నాడు.