ముందే అచ్చయిన పేరు

మా టైమ్‌కీపర్ అంకుల్ పోయారని వాళ్ళమ్మాయి ఇక్కడే సింగపూర్‌లో యీషున్ నుంచి ఫోన్ చేసింది. సెక్యూరిటీ డ్యూటీలో, కుర్చీలోనే పోయారట. డెబ్బై దాటిన మనిషికి డ్యూటీ ఏమిటని మీరు అడగాలి. అడగరు. అడగడం మానేశాం కాబట్టే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని లోకమంతా వణికిన రోజుల్లో నేను ప్రోగ్రామర్‌గా సింగపూర్ వచ్చాను. తువాస్‌లో ఒక భవనాల కాంట్రాక్టరు దగ్గర జీతాల ప్రోగ్రాం రాసే ఉద్యోగం. అక్కడ కూలీల పని గంటలు చూసేది అంకుల్. మలేసియాలో పుట్టి, పనికోసం ఇటొచ్చి స్థిరపడిన తెలుగాయన. పొద్దున్నే "తంబీ, మకాన్ అయ్యిందా?" అని తిండి సంగతి అడిగాకే రిజిస్టరు తెరిచేవారు.

ఆయనదొక పద్ధతి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ప్రతి కూలీ చేతా జేబు క్యాలెండర్ కొనిపించారు. ఏ రోజు ఎన్ని గంటలు చేశాడో వాడే ఆ తేదీ మీద రాసుకోవాలి. జీతాలప్పుడు కంటైనర్ ఆఫీసు ముందు నిలబడి రిజిస్టరు పైకి చదివేవారు. క్యాలెండర్‌తో కలిస్తేనే సంతకం.

"ఎందుకంకుల్ ఈ చాదస్తం?" అన్నానొకసారి.

"మర్చిపోయేది వాళ్ళే తంబీ. బాస్ కాదు."

మాకు పని ఇచ్చిన పెద్ద కంపెనీ షరతు ఒకటుండేది. ఒప్పందంలో రాసిన కూలి, ఓవర్‌టైము పూర్తిగా ఇచ్చామని నెలనెలా సంతకం పెట్టిన జీతాల పట్టీ పంపాలి. పంపితేనే బిల్లు. బాస్ నన్ను పిలిచి రెండు పట్టీలు వచ్చేలా చేయమన్నాడు. కంపెనీకి పూర్తి కూలి చూపించేది ఒకటి, కూలీలకు నిజంగా ఇచ్చే తక్కువది ఇంకొకటి. ఒక పూటలో చేసిచ్చాను. పైగా ఎవరూ అడక్కుండానే, అడుగున "సరిచూశాను" అన్నచోట అంకుల్ పేరు దానంతటదే అచ్చయ్యే ఏర్పాటు కూడా చేశాను. మీలోనూ సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు. "మేం కోడ్ రాస్తాం, అంతే" అంటారు. నేనూ అదే అన్నాను.

కంపెనీకి పోవాల్సిన పట్టీ పట్టుకుని అంకుల్ నా బల్ల దగ్గరికి వచ్చారు.

"తంబీ, సరిచూశానని నా పేరు పడిపోయింది. నేనింకా చూడనే లేదే?"

"అది ఆటోమేటిక్ అంకుల్."

"నా కళ్ళు కూడా ఆటోమేటిక్ చేసేశావా?"

నవ్వబోయాను. ఆయన కాగితాన్ని నా బల్ల మీద పరిచారు. వెనకే బాస్ వచ్చి, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి అన్నాడు.

"సైన్ లా, అంకుల్. యాభై దాటింది, నీకింకెవరిస్తారు జాబ్?"

నేనీ దేశంలో ఉండే పాసు కూడా ఆ బాస్ చేతిలోదే. కీబోర్డు వంక చూస్తూ కూర్చున్నాను.

అంకుల్‌కు భయం లేదని రాస్తే ఆయన ఒప్పుకోరు. కూతురు పాలిటెక్నిక్‌లో ఉంది. నుదుటి చెమట కాగితం మీద పడింది. అయినా స్కేలు పెట్టి తన పేరు మీద గీత కొట్టారు. "కూలీలకిచ్చేది ఇది కాదు" అని పక్కన రాసి, సంతకం చేసి, ఆ పట్టీనే కంపెనీకి ఫాక్స్ చేశారు. బిల్లు ఆగింది. దాంతో ఆ నెల కూలీలకు పూర్తి జీతం వచ్చింది. అంకుల్ ఉద్యోగం పోయింది.

మరుసటి నెల మళ్ళీ రెండు పట్టీలే. కంపెనీకి పోయేదాని మీద "సరిచూశాను" పక్కన నా పేరు అచ్చయింది. చేశాను సంతకం. మనల్ని భయపెట్టి బతికే ఏర్పాటుకు మనలాంటి చదువుకున్న చేతులే కావాలి. కాదంటారా?

కొన్నాళ్ళకు బూన్ లేలో హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల చోట కనిపిస్తే ఆయనకు అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. తన కాఫీ నా వైపు జరిపారు.

"భయం ఉంటే ఉండనీ తంబీ. పెన్ను మాత్రం దాని చేతికివ్వకు."

ఆ మాట విన్నాక కూడా ఇంకో మూడు నెలలు ఇచ్చాను. ఆ తర్వాతే మానేసి బయటపడ్డాను. ఇవాళ్టికీ నా పేరు ముందే అచ్చయిన కాగితం ఏది చూసినా పెన్ను పక్కన పెట్టి, మొదటి నుంచి చదువుతాను.

నిన్న వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. అమ్మాయి ఒక జేబు క్యాలెండర్ నా చేతిలో పెట్టింది. "డాడీ ఎవ్రీడే రాసేవారు లా, అన్నా. ఐ డోంట్ నో వై."

ప్రతి తేదీ మీదా పెన్సిల్‌తో వచ్చిన టైము, మధ్యలో చిన్న గీత, వెళ్ళిన టైము. చివరి తేదీ మీద ఏడు గంటలకు వచ్చినట్టుంది. పక్కన ఒక చిన్న గీత. ఆ తర్వాత ఖాళీ.