పోతమ్మ పన్నునొప్పి

మద్దిలపాలెంలో భీమిలి బస్సు దిగగానే పోతమ్మ చేపల గంప నెత్తికెత్తుకుని కుడిచేత్తో పట్టుకుంటుంది. గంప ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి దిగదు. కుడి దవడ సలుపు మాత్రం ఏళ్లుగా వదల్లేదు. లవంగం నొక్కిపెట్టింది, అప్పన్న స్వామికి మొక్కింది, చివరికి రెండు దంతాలు పీకించుకుంది. పళ్ళు పోయాయి గానీ సలుపు పోలేదు. నిన్న సాయంత్రం కోడలు ఈశ్వరి నూనె రాస్తూ, కుడి భుజం మీద గోలీలా గట్టిపడ్డ కండను నొక్కింది. పోతమ్మ దవడ పట్టుకుని కెవ్వుమంది.

"భుజం నొక్కితే దవడట్టుకుంతావేటత్తా?"

"నొప్పి ఇక్కడ లేత్తందే!" అంటూ పోతమ్మ పళ్ళు పీకిన చోట చిగురు తడుముకుంది. "పాపం, పళ్లదేటీ తప్పు నేదన్నమాట," అంది.

రేపట్నుంచి ఎడంచేత్తో పట్టుకోమని ఈశ్వరి మరీమరీ చెప్పింది. తెల్లారి బస్సు దిగి గంప ఎత్తుకోగానే, కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది.