శుక్రవారం మాత్ర

ప్రొద్దుటూరులో మా నాన్నకు బట్టల అంగడి ఉండేది. అంగట్లో పెరిగిన పిల్లకు ఎవరూ నేర్పకుండానే కొన్ని విద్యలు వస్తాయి. అవతలివాళ్లు ఎంత చెప్పినా మొహంలో ఏమీ కనబడనీయకపోవడం ఒకటి. బేరంలో వంగకపోవడం ఇంకొకటి. "వంగినోడి వీపుమీద ఊరంతా మూట పెడతాది" అనేవాడు నాన్న. అరవై దాటాక నా వీపుమీదికి నేనే మూట తెచ్చుకుంటానని ఆయన అనుకుని ఉండడు.

కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లోనే చీరలు అమ్ముతాను. శని, ఆదివారాల్లో రాయదుర్గం ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు వస్తారు. హాల్లో చాప పరిచి, మూట విప్పి, ఒక్కో చీర వాళ్ల ఒడిలో పడేస్తుంటాను. వారమంతా కంప్యూటర్ చూసి ఎండిపోయిన కళ్లు జరీ అంచు చూడగానే తడి అవుతాయి. ఆ తడి కనబడ్డ తరువాత నేను ధర చెబుతాను.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున ఆ మూటను నేల మీంచి ఎత్తబోయాను. వెన్నులో ఎక్కడో టక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినబడింది, నేను వేసిన కేక మాత్రం మా అంతస్తు మొత్తానికీ వినబడింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటోలు తీసి, స్కాన్ చేసి చెప్పారు. ఎముకలు గుల్లబారాయట. వెన్నుపూస ఒకటి నలిగిపోయిందట.

ఆ నొప్పి తగ్గాక, శేరిలింగంపల్లి వైపున్న ఒక చిన్న క్లినిక్‌లో ఎముకల సంగతి చూసే డాక్టరమ్మ దగ్గరికి మా ఆయన తీసుకెళ్లాడు. ఆమెది వికారాబాద్ దగ్గర పల్లె. నా కూతురి ఈడు. ఎంత చదివినా మాటలో ఊరు పోనివ్వలేదు. ఫోటోను వెలుగుకు పట్టి చూపించి, "గిదో, గీ పూస నలిగింది. ఇంక రెండు గిట్ల నలిగినయంటే మీరు మూట లేపుడు కాదు, సక్కగ నిలవడుడే కష్టమైతది" అంది. అంతే చెప్పింది. భయపెట్టలేదు, బుజ్జగించలేదు. ఖరీదైన చీరను ఒక్క మాట పొగడకుండా పక్కన పెట్టి ఊరుకునే అంగడివాళ్లను నేను చిన్నప్పటి నుంచీ చూశాను. వాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

వారానికి ఒక మాత్ర రాసింది. "పొద్దుగాల లేవంగనే, ఖాళీ కడుపుతోని, గిలాస నిండ మంచినీళ్లతోని మింగాలె. తర్వాత అర్ధగంట దాంక తినొద్దు, తాగొద్దు, పండుకోవద్దు. అది గొంతులకెల్లి మల్ల మీదికొస్తె మంట వెడ్తది."

ఏ వారం వేసుకుంటారని అడిగింది. ఆలోచించే పనే లేదు. శుక్రవారం! లక్ష్మీదేవి వారం. ఎట్లాగూ ఆ రోజు పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. ఖాళీ కడుపు నాకు ఉచితంగా కలిసివస్తుంది. ఒక ఉపవాసంలో రెండు పనులు. బేరమంటే అట్లా ఉండాలని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి రెండు మూడు వారాలు ఏమీ తెలియలేదు. తరువాత మొదలైంది మంట. రొమ్ము మధ్యలో ఎవరో కర్పూరం పెట్టి వెలిగించినట్టు. శుక్రవారం అంటుకున్నది ఆదివారం దాకా ఆరేది కాదు. చాపమీద కూర్చుని చీర పొగుడుతూ పొగుడుతూ మధ్యలో గుండె పట్టుకునేదాన్ని. ఒకమ్మాయి పాపం, తాను అడిగిన ధరకు నాకు గుండె ఆగిందనుకుని ఇంకో మాట మాట్లాడకుండా నేను చెప్పినదానికే తీసుకుపోయింది. మంటవల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

లిఫ్టులో ఎక్కేవాళ్లంతా వైద్యులయ్యారు. ఒకావిడ నువ్వులంది. ఒకావిడ రాగిజావ అంది. మునగాకు పొడి చాలు, మందులన్నీ దండగ అంది ఇంకో ఆవిడ. కొనడానికి వచ్చిన అమ్మాయిలు ఫోన్లు తీసి, ఆ మాత్ర వేసుకుంటే దవడ పాడవుతుందని, తొడ ఎముక విరుగుతుందని చదివి వినిపించారు. ఇక నావల్ల కాదనుకున్నాను.

"ఈ సరుకు నాకొద్దు. వాపసు ఇచ్చేస్తా" అన్నాను మా ఆయనతో.

"మింగిన మాత్ర ఎట్ల వాపసిస్తావే?"

"మింగబోయేవి ఇస్తా."

"ఆ పిల్ల దగ్గర నీ బేరం సాగదు. ఆ కళ్లు చూసినావా? మీ నాయన కళ్లే."

ఆ మాటతో పంతం పెరిగింది. వెళ్లి కూర్చోగానే కొనేదాని గొంతు తెచ్చుకున్నాను.

"ఈ మాత్ర నాకు పడలేదు డాక్టరమ్మా. గుండెల్లో మంట. వేరే రకాలేమైనా ఉంటే చూపించు."

డాక్టరమ్మ మంట గురించి ముందు గుచ్చి గుచ్చి అడిగింది. మింగుడు పడుతోందా, వాంతిలో గానీ దొడ్డికి పోయినప్పుడు గానీ నలుపేమైనా కనబడిందా, బరువు తగ్గానా అని. అవేమీ లేవన్నాక మొహం తేలిక చేసుకుని, "చూపిస్త. చూసి మీరే చెప్పుండ్రి" అంది.

అప్పుడు పరిచింది చూడండి చాప! ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే సెలైన్ ఒకటి. దాంతో కడుపుకు బాధ లేదు, కానీ మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. ముందు కిడ్నీల పరీక్ష కావాలి. ఆర్నెల్లకోసారి చర్మం కింద పొడిచే సూది ఇంకొకటి. అదీ మంచిదే, కానీ వాయిదా తప్పకూడదు. బాగుంది కదా అని మన ఇష్టానికి మానేస్తే ఆగిన నష్టమంతా వేగంగా తిరిగొస్తుంది, పూసలు మళ్లీ నలుగుతాయి. "మీరు బేరగాళ్లు. మధ్యల ఇడిచిపెడ్తరని నాకు భయం" అంది. మూడోది షుగర్ వాళ్ల లాగా రోజూ కడుపుమీద తామే పొడుచుకునేది. కొంతకాలమే వాడాలి, ఆ తరువాత ఇంకో మందు తప్పదు. ప్రస్తుతానికి నాకు అంత అవసరం రాలేదంది.

ప్రతి రకానికీ లోపం తానే చెప్పింది. మా నాన్న ఇట్లాగే అమ్మేవాడు. "ఇది రంగు పోతాదమ్మా, ఇది ముడుతలు పడతాది" అని ముందే అనేసేవాడు. అట్లా అన్నందుకే జనం వేరే గడప తొక్కేవాళ్లు కాదు. ఎదుట కూర్చున్న పిల్లమీద నాకు గౌరవం పెరుగుతోందని తెలుస్తూనే ఉంది. అయినా అలవాటు ఊరుకుంటుందా?

"ఈ మాత్రే పదిహేను దినాలకొకటి వేసుకుంటే?"

"కాదు."

"సగం విరిచి వేసుకుంటే?"

"సగం చీర అమ్ముతరా అమ్మా మీరు?"

మా ఆయన దగ్గు వచ్చినట్టు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మునగాకు, రాగులు, నువ్వులు?"

"మస్తు తినుండ్రి. నేనుగూడ తింట. గని ఒక పూస నలిగినంక గవి ఒక్కటే సరిపోవు."

దవడ సంగతీ తొడ సంగతీ అడిగాను. అవి చాలా అరుదని, అబద్ధం మాత్రం కాదని చెప్పింది. పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందు తనకు చెప్పమంది. తొడలో కొత్తగా నొప్పి వస్తే ఆ రోజే రమ్మంది. నలిగిన పూసకున్న అపాయం వీటికన్నా చాలా పెద్దదంది.

"సరే, సెలైన్ కట్టివ్వు" అన్నాను.

"జర ఆగుండ్రి." పెన్ను కింద పెట్టింది. "వాపసు తీసుకునే ముందు ఒక్క ముచ్చట. శుక్రారం నాడు పొద్దుగాల లేచినకాడికెల్లి ఏమేం చేస్తరు? ఒక్కటి ఇడ్వకుంట చెప్పుండ్రి."

రంగు పోయిందని చీర తిరిగి తెచ్చినవాళ్లను నాన్న సరిగ్గా ఇదే అడిగేవాడు. "ఎట్ల ఉతికినావమ్మా? ఎక్కడ ఆరేసినావు?" సగం తప్పులు అక్కడే బయటపడేవి.

"లేస్తా. మొహం కడుక్కుని మాత్ర వేసుకుంటా. గ్లాసు నిండా నీళ్లు, ఒక్క చుక్క మిగల్చను. ఆ తరువాత గడప కడుగుతా."

"గడప?"

"శుక్రవారం కదా. కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గేస్తా. తరువాత దేవుని గూడు తుడుస్తా. అంతలోకి అర్ధగంట ఇట్టే అయిపోతుంది. పడుకునే మాటే లేదు!"

"గడప కూసోని కడుగుతరా, వంగా?"

"కూచొని కడిగితే అది కడగడమేనా? వంగే."

"ఎట్ల వంగుతరో కొంచెం సూపెట్టుండ్రి. కొంచెమే!"

లేచి నిలబడి, గుడ్డ పట్టినట్టు చెయ్యి పెట్టి నడుము వంచబోయాను. సగంలోనే ఆమె లేచి వచ్చి నా భుజం పట్టుకుని నిలబెట్టింది.

"చాలు, చాలు. నలిగిన పూసతోని గట్ల వంగుతరా అమ్మా! ఆ గిలాస నీళ్లు, ఆ మాత్ర, అంత మల్ల గొంతులకే వస్తది గద."

దొరికిపోయిన దొంగకు వచ్చే సిగ్గు నాకూ వచ్చింది. సిగ్గు వచ్చినప్పుడు అంగడి పిల్ల చేసే పనే చేశాను. మాట పట్టుకున్నాను.

"నువ్వు పడుకోవద్దన్నావు. వంగొద్దనలేదు."

మా ఆయన మొహం దించుకున్నాడు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. తల ఊపింది.

"నిజమే అమ్మా. చెప్పలే. మాత్ర గురించి చెప్పలే, ఎన్నుపూస గురించి గూడ సక్కగ చెప్పలే. తప్పు నాదే. ఇగ నుంచి అందర్ని అడుగుత, శుక్రారం ఏం చేస్తరని."

కొలబద్ద పొట్టిగా ఉందని కొనేవాడు అంటే, పది మంది ముందు ఒప్పుకుని కొత్త కొలబద్ద తెప్పించిన వ్యాపారిని నా బతుకులో ఒక్కణ్ణే చూశాను. ఆయన నాకు నాన్న. రెండో మనిషిని ఆ రోజు చూశాను. దీనిమీద నేను ఇంకేం బేరమాడను?

తీర్పు ఆమే చెప్పింది. ఇప్పటికి మాత్ర ఆపాలి. మంట పూర్తిగా ఆరేదాకా కడుపుకు వేరే మందు. ఆ తరువాత అదే మాత్రను ఇంకో వారం నాడు, నిటారుగా ఉండి, ఒక్కసారి పరీక్షించాలి. మళ్లీ మంట వచ్చిందా, పంతాలు లేవు, సెలైన్‌కు రావాలి. "మీరు వాపసు ఇయ్యనీకి వచ్చిండ్రు, మంచిదైంది. మస్తు మంది చెప్పకుంటనే బంద్ వెడ్తరు. మల్ల ఎముక ఇరిగినంక వస్తరు" అంది. బేరగత్తె అనే పేరు నాకు జీవితంలో పనికొచ్చింది ఇక్కడే.

"మరి గడప?" అన్నాను.

ఆమె మా ఆయన వైపు తిరిగింది. ఆయన కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు.

"నాకు ముగ్గు రాదమ్మా."

"పసుపు రాసుడు వస్తది గద, అంకుల్!"

మంట ఆరాక కొత్త వారం వెతికాం. మంగళవారం మొదలుపెట్టనని నేను, శనివారం కొనేవాళ్లు వస్తారని ఆయన. చివరికి బుధవారం దగ్గర బేరం కుదిరింది. చీరల మూట కూడా చాపమీంచి బల్లమీదికి ఎక్కింది. ఇప్పుడు వచ్చే అమ్మాయిలు నిలబడి చూస్తారు. నిలబడ్డవాళ్లు తొందరగా వెళ్లిపోతారని భయపడ్డాను గానీ, తొందరగా కొంటున్నారు.

మొదటి బుధవారం మాత్ర మింగి వాకిలి తలుపు తీసి నిలబడ్డాను. చేతులకు పనిలేదు. అర్ధగంట అంత పొడుగుంటుందని నాకు తెలియదు. గొంతులోంచి ఏదైనా పైకి వస్తుందేమోనని లోపల చెవి పెట్టి వింటున్నాను. వస్తే ఇదే ఆఖరి మాత్ర. తోరణంలోంచి ఎండిన మామిడాకు ఒకటి రాలి గడపమీద పడింది. చెయ్యి దానంతటదే కదిలింది. దుమ్ము చూసి వంగకుండా నిలబడడం నా వంశంలో ఎవరికీ చేతకాదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాను.

గడియారం చూసి మా ఆయన కాఫీ తెచ్చాడు. మొదటి గుక్క మింగి ఆగాను. మంట లేదు. ఇంకో గుక్క. లేదు.

"ఆకు పడింది, చూడలేదా?" అన్నాడు ఆయన.

"చూసినా. శుక్రవారం మీరు తీస్తారులే."

ఆయన గొణుక్కుంటూ అప్పుడే వంగి తీశాడు. పైనుంచి చూస్తే, పోయిన శుక్రవారం ఆయన రాసిన పసుపు గడప ఒక చివర చాలా పలచగా కనబడింది. ఆ మూలకు ఇంకొంచెం రాయాలని చెప్పి, నిటారుగానే నిలబడి కాఫీ తాగాను.